ఎర్రతాడు పొట్లం

ముసలాయన పనిబల్ల మీద బోర్లా పడి ఉన్నాడు.

తల వెనక దెబ్బ. ఒక్కటే. రక్తం బల్ల మీది తెల్లకాగితంలోకి ఇంకి నల్లబడింది. పక్కనే, చాప మీద, ఒక రాయి. మడిచిన కాగితాలు లేవకుండా అణిచిపెట్టే రాయి. పిల్లాడి తలకాయంత ఉంది.

సోమవారం మధ్యాహ్నం పన్నెండుంపావు. జపాన్‌లోని కనజావా ఊళ్లో పొద్దుటి నుంచీ మంచూ వానా కలిసి కురుస్తున్నాయి.

నెమోతో అనే ఆడ ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో బూట్లు విప్పి లోపలికి వచ్చింది. మేజోళ్లు తడిసి ముద్దయ్యాయి. వాటితోనే చాప మీద నడవాల్సి వచ్చినందుకు ఆవిడకు అప్పటికే ఒళ్లు మండుతోంది. యాభై దాటిన మనిషి. స్టేషన్‌లో ఆవిడ ముందు జోకులు వేసే ధైర్యం సార్జంట్ ఉరానోకి తప్ప ఎవరికీ లేదు.

చనిపోయింది మిజుకోషి తమేకిచి. ఎనభై దాటాయి. పెళ్లికీ, పురిటికీ, చావుకీ ఇచ్చే కానుకలను కాగితంలో మడిచి, కాగితపు తాడుతో ముడివేసి ఇచ్చే ఇల్లు అది. ఊళ్లో పేరున్న కుటుంబాలన్నీ ఈ గుమ్మం తొక్కినవే. ఎవరైనా తొందరపెడితే ఆర్డరు తిరగ్గొట్టేవాడట. అంత పొగరు.

పోలీసులకు ఫోన్ చేసింది కూతురు ఇకుయో. వంటింటి గడప మీద కూర్చుని ఉంది. చేతులకు రక్తం. కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి.

"ఆ రాయి ఎవరు ముట్టుకున్నారు?" అంది నెమోతో.

"నేనే. లేపబోతే ఆయన మోచేతి కింద అడ్డంగా ఉంది. తీసి కింద పెట్టాను."

"వచ్చింది ఎన్నింటికి?"

"పదకొండున్నరకి. పదకొండుకి రమ్మన్నాడు. బస్సు ఆలస్యం."

"ఎందుకు రమ్మన్నాడు?"

"చెప్పలా. పొద్దున ఎనిమిదిన్నరకి షాపుకి ఫోన్ చేశాడు. పదకొండింటికి రా, ఆలస్యం చేయకు అన్నాడు. పెట్టేశాడు."

"మీకూ ఆయనకూ మాటలున్నాయా?"

"లేవు. అమ్మ పోయినప్పటి నుంచీ లేవు."

"మరి వచ్చారేం?"

ఇకుయో తలెత్తి చూసింది. "పిలిచాడు కాబట్టి వచ్చాను. అదీ నేరమేనా?"

నెమోతోకి ఆ చూపు నచ్చలేదు. ఆ గొంతూ నచ్చలేదు. చచ్చిన తండ్రి పక్కన కూర్చుని ఇలా మాట్లాడే మనిషి ఎవరికి నచ్చుతుంది?

ఇకుయో సంగతి వీధిలో అందరికీ తెలుసు. తండ్రి దగ్గరే మడత నేర్చుకుంది. తర్వాత గొడవపడి వెళ్లిపోయి, మార్కెట్ పక్క సందులో షాపు పెట్టింది. యంత్రం మీద అచ్చేసిన రంగు కాగితాలు, నలుపలకలుగా కోసి, కట్టలు కట్టి అమ్ముతుంది. పిల్లలు కొంగలు మడుచుకునే కాగితాలు. ఆ కట్టల మీద ఇంటిపేరు వేసుకున్నందుకు ముసలాయన నడివీధిలో నిలబడి తిట్టాడని చెప్పుకుంటారు.

మూడింటికి శిష్యుడు వచ్చాడు.

కుగే రియోసుకే. నలభై ఆరేళ్లు. కుర్రతనం నుంచీ ఈ ఇంట్లోనే ఉండి పని నేర్చుకున్నాడు. పక్క ఊరు తొయామాలో పెళ్లిబట్టల షాపుకి సరుకు అప్పజెప్పడానికి పొద్దున పది ఇరవై అయిదు రైలెక్కాడు. రైల్వే స్టేషన్ గేటు దగ్గర కార్డు గీసిన రికార్డు ఉంది. కబురు విని వెనక్కి పరిగెత్తుకొచ్చాడు.

గుమ్మంలోనే నేలకు నుదురు ఆనించి దండం పెట్టాడు. లేచి కోటు లోపలి నుంచి ఒక బట్టమూట తీశాడు. విప్పాడు. అందులో తెల్లకాగితం పొట్లం. శుభానికి కట్టే ఎరుపూ తెలుపూ తాడు కట్టి ఉంది.

"పది గంటలకు గురువుగారు ఇది నా చేతికిచ్చారు," అన్నాడు. "ఇందులో ఆయన ఎముక బద్ద ఉంది. కాగితం మీద మడతలు గీసే బద్ద. ఆయన గురువు నుంచి ఆయనకొచ్చింది. ఇక నుంచి ఈ ఇల్లు నీది అన్నారు."

"విప్పి చూశారా?"

"ఇచ్చిన మనిషి ఎదుట విప్పం మేం. పెద్దల్ని పిలిచి, అందరికీ చెప్పి, అప్పుడు విప్పాలి. ఆయనే ఇక…" పొట్లాన్ని కళ్లకద్దుకున్నాడు.

వంటింట్లోంచి ఇకుయో నవ్వింది. అది నవ్వో, దగ్గో.

అంతే. కేసు తేలిపోయిందన్నారు అందరూ. శిష్యుడికి ఇంటిపేరు రాసిచ్చినంత పని చేశాడు ముసలాయన. కూతుర్ని పిలిచి ఆ మాట మొహం మీద చెప్పాడు. కూతురికి కడుపు రగిలింది. రాయి మీద రక్తపు వేలిముద్రలు ఆవిడవే. చనిపోయిన సమయం తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య అని డాక్టర్ తేల్చాడు. పోతే, తనకు సర్వం కట్టబెట్టిన మనిషిని ఎవడైనా చంపుకుంటాడా?

పొట్లాన్ని ఫొటో తీశారు. ముందు వైపు. సాక్ష్యంగా తీసుకెళ్లబోతే, కర్మ అయ్యేదాకా గురువుగారి ఫొటో ముందే ఉండనివ్వమని కుగే కాళ్లావేళ్లా పడ్డాడు. సూపరింటెండెంట్ సరేనన్నాడు. ఆయన పెళ్లి కానుకలు కూడా ఈ ఇంట్లో మడిచినవే మరి.

*

మూడో రోజు, పోస్ట్‌మార్టం ముగించి శవాన్ని ఇంటికి తెచ్చారు.

నెమోతో కూడా వెళ్లింది. నల్లకోటు వేసుకుని, అందరిలాగే పరామర్శ డబ్బు పెట్టిన కవరు మడిచి పట్టుకెళ్లింది. ముసలాయన ఫొటో ముందు అగరుబత్తి వెలిగించింది. కింద పీట మీద చావుకి కట్టే నలుపూ తెలుపూ తాళ్ల కవర్లు వరసగా ఉన్నాయి. వాటి మధ్యన కుగే పొట్లం. ఎరుపు తాడు ఒక్కటే కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

ఆవిడ తన కవరు పెడుతూ ఆ పొట్లాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుంది. వెనక్కి తిప్పింది. పై అంచు కిందికి దిగి, కింది మడతను చక్కగా కప్పి ఉంది. పక్కనున్న కవర్లన్నీ ఎలా ఉన్నాయో అలాగే ఉంది. తిరిగి పెట్టేసింది.

వచ్చినవాళ్ల దండాలు కుగే అందుకుంటున్నాడు. కన్నకూతురు వెనక గోడవార కూర్చుంది. ఆవిడ పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆడవాళ్లు నోటికి చేతిగుడ్డలు అడ్డం పెట్టుకుని ఆవిడ వైపే చూస్తున్నారు.

"ఇకుయో అక్కా, టీ తాగుతావా?" అన్నాడు కుగే, అందరికీ వినబడేలా.

"నా ఇంట్లో నన్ను టీ అడుగుతున్నావా?"

"నీ ఇల్లేంటక్కా. యంత్రం కాగితం అమ్ముకోడానికి పోయిననాడే వదులుకున్నావుగా."

"నా పొట్ట నేను పోసుకున్నాను. నీలాగా ముసలాయన కాళ్లు పట్టుకుని వేలాడలేదు."

"పోయినాయన ముందైనా నోరు అదుపులో పెట్టుకో."

"ఆయనే నా నోరు అదుపు చెయ్యలేకపోయాడు. నువ్వెంత."

నెమోతో బయటికి వచ్చేసింది. ఆ ఇంట్లో ఇద్దరూ సమానంగానే చిరాకు తెప్పించారు ఆవిడకు.

*

స్టేషన్‌లో సూపరింటెండెంట్ ఫోన్ ఎదురు చూస్తోంది.

"సాయంత్రానికి వారంటు చేతికొస్తుంది. ఆ కూతుర్ని లోపలేసెయ్, నెమోతో. పేపరువాళ్లు నన్ను నమిలేస్తున్నారు."

"ఇంకొక్క రోజు ఇవ్వండి సార్."

"ఎందుకు? నీకేమైనా అనుమానమా?"

అనుమానం లేదు. అదే ఆవిడ బాధ. ఆవిడకు ఇకుయో అంటే గిట్టలేదు. గిట్టని మనిషి మీద కేసు ఇంత నున్నగా నడుస్తుంటే తన కళ్లనే తను నమ్మలేకపోతోంది. లోపలికెళితే ఆ మనిషి బతికుండగా బయటికి రాదు. ఎవరూ అయ్యో అనరు కూడా.

"లేదు సార్," అని ఫోన్ పెట్టేసింది.

సార్జంట్ ఉరానో ఒక కవరు పట్టుకొచ్చాడు. ఎరుపూ తెలుపూ తాడుది. "మేడమ్, ట్రాఫిక్‌లో అమ్మాయి పెళ్లి. అందరం వేసుకున్నాం. మీ వాటా కూడా పడేసి మూసేయండి. చివర మీరే."

నెమోతో నోట్లు లోపల పెట్టింది. వెనక మడతలు వేసింది. తాడులోకి దూర్చి అతనికి అందించింది.

ఉరానో దాన్ని తిప్పి చూశాడు. మొహం అదోలా పెట్టాడు.

"మేడమ్, ఆ అమ్మాయి మీకేం అపకారం చేసింది? చావు మడత పెట్టారేంటి?"

"ఏదీ?"

"పై మడత పైనేశారు. పెళ్లిళ్లకు కింది మడత కదా పైకొచ్చేది. చావింటి నుంచి వచ్చి, చేతులు అక్కడే మర్చిపోయినట్టున్నారు."

నెమోతో కవరు లాక్కుంది. చూసింది. అతను చెప్పింది నిజమే. పెళ్లి కవరని తెలుసు. తాడు రంగు కళ్లెదుటే ఉంది. అయినా పొద్దుటి నుంచి చావు చుట్టూ తిరిగిన చేతులు వాటి దారిన అవి మడిచేశాయి.

ఆవిడ లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది.

"బండి తియ్యి."

"కవరు, మేడమ్…"

"నీ కవరు తగలెయ్యి. బండి తియ్యి."

*

సాయంత్రం అయిదు. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. ఇంట్లో కుగే, ఇకుయో ఇద్దరే ఉన్నారు, చెరో మూలా.

నెమోతో ఫొటో ముందు కూర్చుంది. ఉరానో తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇకుయో అతన్ని చూసి తన చేతి సంచీ దగ్గరకు లాక్కుంది.

"తీసుకెళ్లడానికొచ్చారా?" అంది. "పదండి. కోటు వేసుకుంటాను."

"కూర్చోండి," అంది నెమోతో. కుగే వైపు తిరిగింది. "రిపోర్టు ముగించాలి. రెండు ప్రశ్నలున్నాయి. ఈ పొట్లం గురువుగారు మీ ఎదుటే మడిచారా?"

"నా ఎదుటే. మడిచారు, తాడు కట్టారు, రెండు చేతులతో అందించారు."

"మీరేం చేశారు?"

"నుదుటి దాకా ఎత్తాను. ముందూ వెనకా తిప్పి చూశాను. అలా చూడటం మా ఇంట్లో మర్యాద. మడిచినవాడి పనికి దండం పెట్టినట్టు."

"ఆయనకు చూపు మందగించిందని విన్నాను. మడతలో ఏమైనా తేడా…"

కుగే మొహం ఎర్రబడింది. "ఎవరన్నారు? ఆయనకు చూపెందుకు? కళ్లు మూసుకుని మడిచేవారు. ఆయన పనిలో తప్పు పట్టినవాడు ఈ ఊళ్లో లేడు."

"ఇకుయో గారూ, మీరేమంటారు?"

ఇకుయో సంచీ పక్కన పెట్టింది. "ఆ ఒక్క మాటా నిజమే," అంది. "నూటనాలుగు జ్వరంలో కూడా తప్పు మడిచేవాడు కాదు. నేను తప్పితే మాత్రం వేళ్లు వాచేలా కొట్టేవాడు."

"ఈ మూడు రోజుల్లో దీన్ని ఎవరైనా విప్పారా?"

"ఎలా విప్పుతారు?" అన్నాడు కుగే. "ఆ ముడి చూడండి. విప్పితే తాడు నలుగుతుంది. నలిగిన జాడ ఎక్కడుంది? నేను పక్కనుంచి కదల్లేదు."

"బాగుంది," అంది నెమోతో. పొట్లాన్ని పీట మీంచి తీసింది. వెనక్కి తిప్పి అతని ఎదురుగా చాప మీద పెట్టింది. "ఇంకొకసారి చూడండి. మర్యాదగా."

కుగే చూశాడు.

ముందు ఇకుయోకి అర్థమయింది. ఆవిడ మోకాళ్ల మీద ముందుకు జరిగింది. పొట్లం వెనక పై అంచు వైపు వేలు చూపింది.

"మన పిల్లలకు కూడా తెలిసిన సంగతే," అంది నెమోతో. "శుభానికి కింది మడత పైకొస్తుంది. చావుకి పై మడత కిందికి దిగి కప్పుతుంది. ఇది చావు మడత. పైన ఎర్రతాడు. లోపల ఇంటి వారసత్వం. వెనక చావు. ఎనభై ఏళ్లు దాటిన మనిషి, కళ్లు మూసుకుని మడిచే మనిషి, తన చేతులారా ఇల్లు అప్పగిస్తూ ఇలా మడిచాడంటారా? మీరు తిప్పి చూశానంటున్నారు. చూసి దండం పెట్టారా దీనికి?"

కుగే పెదవులు తడుపుకున్నాడు.

"మూడు రోజులుగా ఇది అందరి ముందూ ఉంది. నేనూ చేత్తో పట్టుకున్నాను. కనబడలేదు. చావింట్లో, చావు కవర్ల మధ్య, చావు మడత ఎవరి కంటికి ఆనుతుంది? మీకూ ఆనలేదు. మీరు మడిచినప్పుడు ఎదురుగా ఉన్నది శవం. తాడు రంగు ఆలోచించి ఎంచుకున్నారు. ముడి ఆలోచించి వేశారు. మడతకు ఆలోచన అక్కర్లేదు మీకు, చేతులకే వచ్చు. చచ్చిన మనిషి ముందు ఎలా మడవాలో ఆ మనిషే మీ చేతులకు నేర్పాడు. అవి అలాగే మడిచాయి."

"ఇదంతా మీ ఊహ," అన్నాడు కుగే. "పెద్దాయన. ఆ పూట ఎలా ఉన్నారో. పొరపాటు పడి ఉండొచ్చు."

"ఇప్పుడే కదా తప్పు పట్టినవాడు లేడన్నారు."

"పొరపాటే పడ్డారు. నేను గమనించలేదు."

"సరే, అలాగే అనుకుందాం." నెమోతో గ్లౌజు తొడుక్కుని పొట్లాన్ని ఎత్తింది. "మీరు అందుకున్నారు కాబట్టి బయట మీ వేలిముద్రలుంటాయి. విప్పలేదన్నారు. కాబట్టి లోపల మడతల్లో మీవి ఉండకూడదు. మడిచిన ఆయనవి ఉండాలి. లాబ్‌లో మందు పూస్తే కాగితం మీద వేలిముద్రలు ఊదారంగులో తేలతాయి. రేపు పొద్దుటికల్లా తెలుస్తుంది. ఉరానో, సాక్ష్యాల కవరు ఇవ్వు."

కుగే చెయ్యి ముందుకు దూకింది. పొట్లం కాదు, ఆవిడ మణికట్టు చిక్కింది. ఉరానో రెండంగల్లో వచ్చి అతని చెయ్యి వెనక్కి విరిచి చాపకు అదిమాడు. పీట మీది కవర్లు చెల్లాచెదురయ్యాయి. అగరుబత్తి గిన్నె దొర్లి బూడిద ఒలికింది.

చాప మీద చెంప ఆనించి కుగే కాసేపు రొప్పాడు. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టాడు. నెమోతోతో కాదు. ఇకుయోతో.

"ఆయనకు అన్నం వండాను. స్నానానికి నీళ్లు కాచాను. పెళ్లి చేసుకోలేదు. పనికి అడ్డమన్నాడని మానుకున్నాను. నువ్వు సందులో కూర్చుని పర్యాటకులకు రంగు కాగితాలు అమ్ముకుంటుంటే నేను ఇక్కడ ఆయన తిట్లు తిన్నాను. ఆ పొద్దున పిలిచాడు. 'ఇకుయోని పిలిచాను, పదకొండింటికి వస్తుంది, బద్ద దానికే ఇస్తాను, దాని ముందే మడుస్తాను, మంచి కాగితం ఒకటి కోసి పెట్టరా' అన్నాడు. నన్ను కోసి పెట్టమన్నాడు. నన్ను."

ఇకుయో మోకాళ్ల మీద మరికాస్త అతని వైపు జరిగింది.

"కోశాను. నేను కోస్తున్నంతసేపూ నీ గురించే మాట్లాడాడు. నవ్వుకుంటూ మాట్లాడాడు. నా జన్మలో ఆయన నవ్వు అంతసేపు వినలేదు. వినలేక రాయి తీశాను."

ఉరానో బేడీలు వేశాడు.

"ఏం మాట్లాడాడు?" అంది ఇకుయో.

కుగే తల తిప్పి ఆవిడను చూశాడు.

"నా గురించి ఏం మాట్లాడాడు?"

అతనికి అప్పుడు తట్టింది. తన దగ్గర ఇంకా ఏదో మిగిలి ఉందని. ఆ మాటలు విన్నవాడు ఈ లోకంలో తనొక్కడే. మొహం మీది బూడిద భుజానికి రుద్దుకున్నాడు. తీరిగ్గా లేచి నిలబడ్డాడు.

"చెప్పను," అన్నాడు.

*

రాత్రి ఎనిమిదింటికి స్టేషన్ వరండాలో బెంచీ మీద ఇకుయో కూర్చుని ఉంది. ఎవరూ పిలవలేదు. టాక్సీ కట్టించుకుని వెనకే వచ్చింది.

నెమోతో బయటికి వచ్చింది. "ఇంటికెళ్లండి. మీ మీద కేసు లేదు."

"చెప్పాడా?"

"హత్య గురించి అంతా చెప్పాడు. సంతకం పెట్టాడు."

"అది కాదు నేనడిగింది."

"మూడుసార్లు అడిగాను. ఎన్నేళ్లు వేసినా సరే, ఉరి తీసినా సరే, ఆ మాట మాత్రం చెప్పనన్నాడు. నవ్వుతున్నాడు."

ఇకుయో తల పంకించింది. ఒళ్లో చేతులు చూసుకుంది. పొడిగా ఉన్న ఆ కళ్లు ఇప్పుడు నిండాయి. తుడుచుకోలేదు.

"మీరు నన్నే తీసుకెళ్లి ఉంటే బాగుండేది," అంది. "తిట్టడానికే పిలిచాడని అనుకుంటూ హాయిగా జైల్లో పడుండేదాన్ని."

నెమోతో క్షమించమందామనుకుంది. నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఇకుయో అది వినే మనిషి కాదు.

నెమోతో వెనక్కి తిరిగి లోపలికి వెళ్లింది. కుర్చీ లాక్కుని కుగే ఎదురుగా కూర్చుంది. రికార్డరు ఆపేసింది. కూతురి గురించి ముసలాయన ఏమన్నాడో మళ్లీ మొదటి నుంచి అడగడం మొదలుపెట్టింది.